ప్రివెయిల్ అంటే ఏటే అమ్మీ

మొన్న క్లాసులో ఒక అమ్మాయి లేచి తాను రాసిన వాక్యం చదివింది. "అవర్ టీమ్ ప్రివెయిల్డ్ పలాస టీమ్." ఆమె కూర్చోకముందే "ఓవర్ ఏదీ? ఓవర్ ఎక్కడికి పోయింది?" అని అరిచాను. అంత అరవాల్సిన తప్పు కాదది. టెక్కలిలో చాలా ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంతకంటే అన్యాయమైన వాక్యాలు రోజూ వింటాను, దిద్దుతాను, మరిచిపోతాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "ప్రివెయిల్ అంటే గెలవడమే కదా మేడం?" అంది.

సరిగ్గా ఆ ప్రశ్నతోనే మా మావ నా ప్రాణం తీశాడు. అడగడం, నేను చెప్పేది సగం వినడం, మిగతా సగం తనకి నచ్చినట్టు కలుపుకోవడం, వెళ్ళిపోవడం. ఆయన పోయి ఏడాది కావస్తోంది. నా చిరాకు మాత్రం నాతోనే ఉంది.

మావ అంటే మా అమ్మకి అన్న. ఊరు ఉద్దానంలో, పలాసకీ సముద్రానికీ మధ్యలో. జీడితోట, దాని వారన కొద్దిగా కొబ్బరి. చదువు హైస్కూలుతో ఆగింది కానీ ఇంగ్లీషంటే ఆయనకి వల్లమాలిన గౌరవం. ఇంగ్లీషు ముక్క ఒకటి అనబోయే ముందు గొంతు సవరించుకుని, చొక్కా కాలరు సర్దుకునేవాడు. పెద్దింటివాళ్ళెవరో గుమ్మంలోకి వచ్చినట్టు.

తుపానుకి మా ఉద్దానం తోటలన్నీ నేలకి ఒరిగిపోయిన సంగతి తెలిసిందే. చెట్లతో పాటు కంచెలూ పోయాయి. మళ్ళీ కంచె వేసుకునేటప్పుడు చిన్నమావ రెండు తోటల మధ్యనున్న బండి దారిని తన కంచెలోకి కలిపేసుకున్నాడు. చిన్నమావ అంటే మావకి చిన్నాన్న కొడుకు, ఇల్లు కూడా ఆ కంచె అవతలే. ఆ దారి తన వాటాలోదని చిన్నమావ మాట. తాతల నాటి నుంచీ తమ బండి అందులోంచే వెళ్ళిందని మావ మాట. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది. కూర్చుని ఒక పూట మాట్లాడుకుంటే తేలిపోయేది. మావ కూర్చోలేదు. బస్సెక్కి ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. ఆ ప్లీడరు ధైర్యం చెబుతూ ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మా కాలేజీ గేటు దగ్గర మావ నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాడు. టీ కొట్టు పక్కన నీడలో నిలబడి వాచ్‌మన్‌తో కబురు పంపిస్తాడు, ఎప్పుడూ అంతే.

"ప్రివెయిల్ అంటే ఏటే అమ్మీ?"

"ఎక్కడ విన్నావు మావా?"

"మా ప్లీడరు అన్నాడు. వియ్ షల్ ప్రివెయిల్ అని. గెలుత్తామనే కదా?"

అప్పుడు నాకు ఓపిక ఉండేది. అడిగిన మనిషి ముచ్చటగా కూడా అనిపించాడు. "గెలవడం లాంటిదే గానీ అచ్చంగా అది కాదు మావా. విన్ అంటే ఆట గెలవొచ్చు, బహుమతి గెలవొచ్చు. బీట్ అంటే ఎదుటివాడిని ఓడించడం. ప్రివెయిల్ అంటే నెగ్గడం. ఎదురుగా ఏదో గట్టిగా అడ్డుపడుతుంది. చాలాసేపు పెనుగులాట అయ్యాక చివరికి ఒక మాట నిలబడుతుంది. ఆ నిలబడటం ప్రివెయిల్. దాని పక్కన మనిషి పేరు నేరుగా పెట్టకూడదు. ఎవరి మీద నెగ్గామో చెప్పాలంటే మధ్యలో ఓవర్ రావాలి."

మావ పళ్ళ సందుల్లో ఇరుక్కున్న జీడిపిక్క ముక్కని తిప్పినట్టు ఆ మాటని నోట్లో తిప్పాడు. "నెగ్గడం. గెలవడం కంటే పెద్దదా?"

"పెద్దదీ చిన్నదీ కాదు. వేరు."

"పెద్దదే అయ్యుంతాది. ప్లీడరు ఊరికే అనడు" అని, కాలరు సర్దుకుని, పలాస బస్సెక్కేశాడు.

ఇక అక్కడి నుంచీ ఆ మాటకి విశ్రాంతి లేదు. కాశీబుగ్గలో చేపలామెతో బేరమాడి వచ్చి "ప్రివెయిల్ సేసినాను" అనేవాడు. కూరలో ఉప్పెక్కువైందని అత్త ఒప్పుకుంటే "మీ అత్తని ప్రివెయిల్ సేసినాను." నేను ఫోన్లోనే పళ్ళు నూరుకునేదాన్ని. "ఓవర్ పెట్టు మావా." ఆయన నవ్వేవాడు. "ఓవరేటే? ఇదేటి క్రికెట్టా?" ఒకసారి మా ఇంట్లో పెళ్ళికి వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను చూపించి, "మా గుంట ఇంగిలీసు మేస్టరమ్మ. దీన్ని కూడా ప్రివెయిల్ సేసినాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అది తప్పు వాక్యమనే కాదు, నిజం కూడా అయినందుకు.

ఆయనకి రెండో మాట ఒకటుండేది. "ముందు నెగ్గనీ." కంటికి పొర కమ్మింది, ఆపరేషన్ చేయించుకో మావా అంటే "ముందు నెగ్గనీ." చుట్టాలింటికి శుభకార్యానికి రమ్మంటే "ముందు నెగ్గనీ." మా అత్త తీర్థయాత్ర ముచ్చట, ఇంటి పైకప్పు మరమ్మతు, మావ గుండెల్లో అప్పుడప్పుడు వచ్చే నొప్పి, అన్నీ ఆ మాట వెనక వరస కట్టి నిలబడ్డాయి. "ఏటో పట్టేసినట్టుంతాది అమ్మీ, ఓ నిమిసం కూకుంటే పోతాది" అని ఆయనే చెప్పేవాడు. డాక్టరుకి చూపించుకోమంటే ఏం చెప్పేవాడో మళ్ళీ రాయనక్కర్లేదు.

దారి వాడటం మానేస్తే హక్కు బలహీనపడుతుందని ప్లీడరు అన్నాడట. అందుకని మావ రోజూ పొద్దున్నే ఆ కంచె దగ్గరికి వెళ్ళి, లుంగీ పైకి కట్టి, ముళ్ళ మీంచి కాలేసి అవతలికి దిగేవాడు. అరవై దాటిన మనిషి. అవతల నాలుగడుగులు దారి మీద నడిచి మళ్ళీ ఇవతలికి దూకేవాడు. చిరిగిన లుంగీలని అత్త మధ్యాహ్నం కూర్చుని కుట్టేది. చిన్నమావ తన వీధరుగు మీంచి కేకేసేవాడు. "ఒరే, కాలిరిగి సత్తావురా!" మావ కంచె మీద ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పెట్టుకుని జవాబిచ్చేవాడు. "ఇరిగితే నీ మీదింకో కేసేత్తాను!" ఇద్దరూ ఒకరినొకరు ఒక విడత తిట్టుకుని ఎవరి టిఫినుకి వాళ్ళు వెళ్ళేవాళ్ళు.

ఆ రోజుల్లోనే చిన్నత్త, అంటే చిన్నమావ భార్య, మా అమ్మ దగ్గరికి వచ్చింది. "వదినా, బండి పట్టేంత దారి ఒగ్గీమని నేను రోజూ సెప్తన్నాను. ఆయన కూడా మెత్తబడినాడు. ఆదివారం అందరం కూకుందాం. మీ అన్నని మాత్రం నోరు సేసుకోవద్దను" అంది. మా అమ్మ సంతోషంతో నాకు ఫోను చేసింది. ఆదివారానికి నేను సెలవు రోజు పనులన్నీ సర్దుకున్నాను.

శుక్రవారం మావ నుంచి ఫోను. "గెలిసీసినాం! కాయితంలో రాసీసినారు! ప్రివెయిల్ అనే ఉంది, నా కళ్ళతో సూసినాను!"

నాకు అనుమానమేసింది. తీర్పు వచ్చే దశ కాదది. కాలేజీలో చెప్పి పలాస బస్సెక్కాను, అక్కడి నుంచి ఆటో. ఊళ్ళోకి దిగేసరికి వీధిలో ఎర్ర కాగితం ముక్కలు. మావ టపాకాయలు కాల్చాడు. కాల్చింది తన గుమ్మంలో కాదు, చిన్నమావ గేటు ఎదురుగా. మావ చొక్కా మీద పసుపు మరకలు, చేతిలో లడ్డూల పొట్లం, మరో చేతిలో ఆ కాగితం.

స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనర్ ఇచ్చిన రిపోర్టు అది. స్థలంలో ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో రాసుకుపోయాడు. కంచె ఇక్కడుంది, జీడి మొక్కలు ఇక్కడున్నాయి, అంతే. ఎవరు గెలిచారని గానీ, ఎవరు ఓడారని గానీ ఒక్క ముక్క లేదు. మొదటి పేజీ మధ్యలో ఉన్న మాట ప్రివెయిలింగ్.

"మావా, ప్రివెయిలింగ్ కండిషన్స్ అంటే ఇప్పుడున్న పరిస్థితులు. అంతే. గెలుపు కాదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "అదెలాగే? గెలుపుకీ, ఇప్పుడున్నదానికీ ఒక్కటే మాటా?"

"ఎప్పుడో నెగ్గిందే ఇప్పుడు అంతటా చెల్లుబాటవుతోందని ఆ అర్థం వచ్చింది. ఇక్కడ మాత్రం ఉత్తినే 'ఉన్న' అని."

"ఉందని రాసినారంటే నెగ్గిందనే కదా?"

"కాదు మావా."

"ఇప్పుడు నువ్వే అన్నావు గదే!"

నేను ఆ కాగితాన్ని అరుగు మీద పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాను. ఒక మాటకి ఉన్న మూడు అర్థాలు చెప్పడం చేతకాకపోతే నా ఎమ్మే ఎందుకనిపించింది. మావ కాసేపటికి లడ్డూల పొట్లాన్ని అత్త చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆదివారం ఎవరూ కూర్చోలేదు. చిన్నమావ మనుషుల్ని పెట్టి కంచె మీద ఇంకో వరస ముళ్ళు కట్టించాడు. చిన్నత్త మా అమ్మతో ఒకే మాట అంది. "నా ఇంటి ముందు కాల్సినాడు వదినా. ఇంక నేను ఏ మొగంతో సెప్పను?"

మావ ఎత్తు పెరిగిన కంచె కూడా దూకుతూనే ఉన్నాడు. కేకలు కూడా అలాగే ఉన్నాయి, కాస్త ఘాటెక్కాయి. అలా కొంతకాలం గడిచాక ఒకరోజు మావ కంచె ఎక్కితే అవతల నుంచి కేక రాలేదు. దిగి, మళ్ళీ ఎక్కాడట. గట్టిగా దగ్గాడట. ఏమీ లేదు. మర్నాడూ అంతే. మూడో రోజు మావ చుట్టు తిరిగి రోడ్డు మీంచి వెళ్ళి చిన్నమావ గేటు దగ్గర నిలబడి, "ఈడేడే? ఊళ్ళో లేడా?" అని చిన్నత్తని అడిగాడు.

చిన్నమావ లోపల మంచం మీద ఉన్నాడు. కాళ్ళు, మొహం పొంగి ఉన్నాయి. కిడ్నీలు. మా వైపు ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, ప్రతి వీధిలోనూ ఒక ఇంట్లో ఉంది. డయాలిసిస్‌కి పలాస రమ్మన్నారు. చిన్నమావ రానంటున్నాడు. వాళ్ళ నాన్న ఆ మిషను మీద పడుకున్నాక ఎన్నాళ్ళో బతకలేదు. "మిసనెక్కినోడు మరి దిగడు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొడుకు చెప్పాడు, డాక్టర్లు చెప్పారు, మా అమ్మ వెళ్ళి ఏడ్చింది. లాభం లేకపోయింది.

మావ మర్నాటి నుంచి కంచె దూకడం అయ్యాక నేరుగా చిన్నమావ వాకిట్లోకి వెళ్ళి నిలబడటం మొదలెట్టాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. శత్రువింట్లో కూర్చోకూడదని ఆయన లెక్క. నిలబడే తిట్టేవాడు.

"ఒరే, నువ్వు సత్తే నానెవుడి మీద నెగ్గాల్రా? నీ కొడుకు మీదా? ఆడికి దారేదో డొంకేదో తెలీదు. కోర్టులో ఎదర ఎవుడూ లేకుండా నెగ్గినాడు అని ఊరంతా నవ్వాలనా? లెగు!"

లోపలి నుంచి సన్నగా వచ్చేది. "ఎల్లెహె. నా సావు నన్ను సావనీ."

"దారి రాసిచ్చీసి సావు!"

"ఇవ్వను."

"అయితే లెగు!"

ఇలా చాలా రోజులు సాగింది. చివరికి ఒక పొద్దున చిన్నమావ లేచి కూర్చుని, "ఈడి గోల పడలేను, ఆటోని పిలవండర్రా" అన్నాడు. ఆటోలో కొడుకు పక్కన మావ కూడా ఎక్కి కూర్చున్నాడు. ఎవరూ ఎక్కమనలేదు, ఎవరూ దిగమనలేదు. ఆ తర్వాత వారంలో రెండు మూడు రోజులు అదే వరస. కొన్నాళ్ళకి కొడుకు తన పనికి తాను వెళ్ళిపోయేవాడు, అన్నదమ్ములిద్దరే వెళ్ళొచ్చేవాళ్ళు. వాయిదా రోజు మాత్రం వేర్వేరు బస్సుల్లో వెళ్ళేవాళ్ళు.

నేనొకసారి ఆస్పత్రికి చూడటానికి వెళ్ళాను. చిన్నమావ మంచం మీద, చేతికి గొట్టాలు. పక్కన స్టూలు మీద మావ, ఒళ్ళో కేసు కాగితాల సంచీ. ఇద్దరూ వాళ్ళ తాత బండికి కట్టిన ఎడ్ల రంగు గురించి దెబ్బలాడుకుంటున్నారు. తెల్లవైతే ఒకరి సాక్ష్యం నిలబడుతుందట, ఎర్రవైతే ఇంకొకరిది. నర్సు వచ్చి గొంతులు తగ్గించమంది.

నాకు నిజంగానే మనసు కరిగింది. "మావా, ఆ మాటకి ఇంకో వాడుక కూడా ఉంది తెలుసా? ప్రివెయిల్ అపాన్. ఒక మనిషి మొండికేస్తే, నచ్చజెప్పి, బతిమాలి, చివరికి ఒప్పించడం. నువ్వు చిన్నమావని ఇక్కడికి తెచ్చావు చూడు, అది."

మావకి కోపం వచ్చింది. "బతిమాలినానా? నానెప్పుడు బతిమాలినాను? తిట్టినాను."

"సరే, తిట్టే ఒప్పించావు. ఇప్పుడు ఆ కేసు కూడా వదిలెయ్యి."

"అది వేరు. ఇది వేరు."

మంచం మీంచి చిన్నమావ తల తిప్పాడు. "ముందు ఆడ్ని ఒగ్గమను. అప్పుడు నాను సూత్తాను."

"ముందు ఈడ్ని కంచె తియ్యమను."

ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజు ఆ ఇద్దరి చెవులూ పట్టుకుని దగ్గరికి లాగి ఉండాల్సిందని. అప్పుడు నాకు పట్టలేని విసుగు వచ్చింది. అది సరే, ఇంకొకటి అడిగాను. "నువ్వు ఎప్పుడూ వచ్చే ఆస్పత్రే కదా, గుండె డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడు. ఇప్పుడే చూపించుకుందాం రా." చెయ్యి పట్టుకుని లేపబోయాను. మావ చెయ్యి విడిపించుకుని సంచీ సర్దుకున్నాడు. "ముందు నెగ్గనీయే."

కొన్ని వారాల తర్వాత కాశీబుగ్గలో జీడిపిక్కల బేరం చేస్తూ చేస్తూ, "ఓ నిమిసం కూకుంతాను" అని కొట్టు గట్టు మీద కూర్చున్నాడట. అంతే, లేవలేదు. ఆ వార్త విన్నప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. తిట్టడానికి మనిషి లేడు కాబట్టి ఏడ్చాను.

దహనం రోజున చిన్నమావ తన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నడవలేని స్థితి. ఏడవలేదు. రెండు రోజుల తర్వాత ఆటో వస్తే తిప్పి పంపేశాడు. తానూ మావా ఒకే వంశపు పాలివాళ్ళు కాబట్టి మైల అన్నాడు. "పెద్దకర్మ అయ్యాక సూద్దాం" అన్నాడు. అప్పటిదాకా ఆగే ఒళ్ళు కాదది. ఆ మర్నాడు మళ్ళీ పొంగు మొదలైంది.

నేను వెళ్ళాను. నా ప్రయత్నం నేను చేశాను. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎలా చేరుతుందో చెప్పాను. మైల ఉన్నా వైద్యానికి తప్పులేదని పురోహితుడి చేత ఫోన్లో చెప్పించాను. మావ ఉంటే ఏమనేవాడో కూడా చెప్పాను. చిన్నమావ కళ్ళు మూసుకుని, "పక్కన ఆడు లేకుండా నానెల్లనమ్మా. ఒట్టు, నన్నొగ్గీయండి" అన్నాడు. చిన్నత్త స్తంభానికి ఆనుకుని కూలబడిపోయింది. క్లాసులో నలభై మందిని కూర్చోబెట్టగలను, ఈ ముసలాయన్ని ఒక్కణ్ణి లేపలేకపోతున్నాను. చెప్పింది చెవిని పెట్టని మనుషులే నాకు రాసిపెట్టి ఉన్నారా అని ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు గేటు చప్పుడైంది. మా అత్త.

పెద్దకర్మ అయ్యేదాకా ఆమె గడప దాటకూడదు. వీధిలో ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని ఉంటారు. ఆమె ఆ ఇంటి వాకిట్లో అడుగుపెట్టి కూడా ఏళ్ళయింది. చిన్నత్త గబుక్కున లేచి నిలబడింది. అత్త ఎవరినీ చూడలేదు. మంచం దగ్గరికి వచ్చి ఆగింది.

"మరిదీ, లెగు."

చిన్నమావ కళ్ళు తెరిచాడు. తడబడుతూ మోచేతుల మీద లేచాడు. "నువ్వెందుకొచ్చినావు వదినా? ఇప్పుడు బయటికి రాకూడదు గదా."

"మరెవులొత్తారు?" అంది అత్త.

ఆయన మొహం చేతుల్లో కప్పుకుని, మావ పోయిన రోజు నుంచి ఏడవనిదంతా ఏడ్చాడు. అత్త అలాగే నిలబడి ఉంది. ఓదార్చలేదు. ఏడుపు అయ్యాక చిన్నత్త తెచ్చిన చొక్కా తీసుకుని ఆయనకి అందించింది. కొడుకు ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు.

ఆటో వెళ్ళాక అత్తని నేను ఇంటికి తీసుకొస్తున్నాను. నాకు మనసు తేలికపడింది. ఇంత జరిగాక ఇంకేం మిగిలిందనిపించింది. "అత్తా, ఇంక ఆ కేసు తీయించేద్దాం. ప్లీడరుతో నేను మాట్లాడతాను" అన్నాను.

అత్త ఆగి నా వైపు తిరిగింది. "ఎందుకు తియ్యాల? ఆడు బాగుండాల. దారి మనకి రావాల."

"అత్తా..."

"మీ మావ పేరు తీసి నా పేరు పెట్టాలంట గదా. వాయిదా ఎప్పుడో కనుక్కో."

కనుక్కున్నాను. వచ్చే నెలలో ఉందన్నారు. ప్లీడరు గారు నాక్కూడా ధైర్యం చెప్పారు, ఇంగ్లీషులోనే.